నిబంధన అనే మాట, ఆర్.కె. పురంలో ఒక వెనక గది

ఎనభైల మొదట్లో, ఢిల్లీ నిండా వంతెనలకూ రోడ్లకూ తవ్వి పోసి ఉన్న రోజుల్లో, నేను ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో తెలుగు అనువాదకురాలిగా చేరాను. ఇంగ్లీషులో ఉండే ప్రభుత్వ నియమ పుస్తకాలను తెలుగులోకి మార్చడం మా విభాగం పని. విభాగమంటే ఇద్దరమే, నేనూ మా పై అధికారీ. ఆయనది కడప జిల్లా. తెలుగూ సంస్కృతమూ బాగా చదువుకున్నవారు, పదవీ విరమణకు దగ్గర్లో ఉన్నారు. మధ్యాహ్నం అన్నంలోకి ఇంటి దగ్గర్నుంచి చిన్న సీసాలో పొడి తెచ్చుకునేవారు. మాట తొందరగా తేల్చేవారు కారు.

చేరిన వారంలోనే ఆయన నాకిచ్చిన పని ఒక్క మాట. ‘రూల్స్’ అన్నదానికి తెలుగులో ఏం రాయాలో ఆలోచించుకుని రమ్మన్నారు. ఆ మాట ప్రతి పుస్తకం అట్టమీదా ఉంటుంది, కాబట్టి ముందు అది తేలాలి.

“రూల్స్ అనే రాస్తే ఏం సార్? మావైపు అందరూ అలాగే అంటారు” అన్నాను మర్నాడు. మాది తెనాలి దగ్గర పల్లె.

“అంటారు. రూళ్లకర్ర అని గూడా అంటారు కదమ్మా. ఆ కర్రతో గీత గీస్తారు, పిల్లోళ్ల చేతిమీదా కొడతారు. వాళ్ల భాషలో ఆ మాట పుట్టిందే తిన్నగా ఉండే కర్రనుంచి. మనకు తెలుగు మాట కావల్ల.”

“నియమాలు?”

“యమ్ అంటే పట్టి ఆపడం, గుర్రాన్ని కళ్లెం పట్టి ఆపినట్ల. కానీ నియమం ఎవరికి వాళ్లు పెట్టుకునేది. ఏకాదశినాడు అన్నం తిననని నువ్వనుకుంటే అది నియమం. తినొద్దని నేను నిన్ను ఆపితే అది నియమమెట్లయితుంది?”

చట్టం అన్నాను. చట్టమంటే మొదట్లో చెక్కతో చేసిన చట్రమనీ, వడ్రంగి మాట పోయి పార్లమెంటులో కూచుందనీ, దాన్ని అక్కడే ఉండనివ్వమనీ అన్నారు. పక్క గదిలో హిందీ విభాగం వాళ్లు మాటలు విని, “కాయదా రాసుకోండి, గొడవ వదిలిపోతుంది” అని నవ్వారు. అది అరబ్బీ మాట, కూర్చోవడం అన్న అర్థంలోంచి పునాది అన్న అర్థానికి వచ్చిందని ఆయన వాళ్లకు హిందీలోనే చెప్పారు. చివరికి నిబంధన దగ్గర ఆగాం. “బంధ్ అంటే కట్టడం. ని అంటే లోపలికి, కిందికి. కదలకుండా లోపలికి కట్టేయడం” అన్నారు ఆయన. హిందీ వాళ్లు మళ్లీ నవ్వారు. వాళ్ల నిబంధ్ బడిపిల్లలు ఆవుమీద రాసే వ్యాసం.

ఆయనకు ఆ మాట నచ్చింది. నాకు అప్పటికి ఏ అభిప్రాయమూ లేదు. తర్వాత కొన్నాళ్లకు నా మనసంతా ఇంటిమీదికి పోయింది.

ఇల్లు లేదు కనుక. ఉద్యోగం వచ్చిన ఆరునెలలకు నేను రిజిస్టరు పెళ్లి చేసుకున్నాను. అతను నాతో యూనివర్సిటీలో చదివినవాడు, వాళ్లది గుంటూరులో క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు, వాళ్ల ఇంట్లోవాళ్లూ ఒప్పుకోలేదు. అతను సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుతూ బేర్ సరాయ్‌లో ఒక మంచం పట్టే గదిలో ఉండేవాడు. నేను ఉద్యోగినుల హాస్టల్లో ఉండేదాన్ని. పెళ్లయిందని చెప్పగానే వార్డెను నోట్లో లడ్డూ పెట్టి, “బధాయీ హో, బేటీ. గది ఎప్పుడు ఖాళీ చేస్తావు?” అని అడిగింది. అక్కడ పెళ్లికాని వాళ్లే ఉండాలి. బేర్ సరాయ్ ఇంటి యజమాని, “భయ్యా, లేడీస్ నహీ చలేగీ” అని, ఆడవాళ్లు కుదరదని ఒక్క మాటలో తేల్చాడు. ప్రభుత్వ క్వార్టరుకు దరఖాస్తు పెట్టాను గాని, నా సర్వీసుకు అది ఎప్పటికి వస్తుందో చెప్పగలిగినవాళ్లు లేరు.

కొన్ని వారాలు మేము బస్టాపుల్లో కాపరం చేశాం. నేను ఒక స్నేహితురాలి గదిలో దొంగచాటుగా పడుకునేదాన్ని, సాయంత్రాలు ఇద్దరం కలిసి ఇళ్లు వెతికేవాళ్లం. యజమానులు ముందు మాంసం తింటారా అని అడిగేవారు, తర్వాత అతని పేరు అడిగేవారు. పేరు విన్నాక గది అప్పుడే ఎవరికో ఇచ్చేశామనేవారు.

ఆర్.కె. పురంలో ఆ వెనక గది అలాంటప్పుడు దొరికింది. క్వార్టరు ఒక తెలుగు గుమాస్తాది, శ్రీకాకుళం వైపు వాళ్లు. భార్యాభర్తలూ ఇద్దరు బడిపిల్లలూ. ఆమెను ఆంటీ అనీ, ఆయన్ని అంకుల్ అనీ పిలిచేదాన్ని. ప్రభుత్వ క్వార్టర్లో బయటివాళ్లను అద్దెకు పెట్టుకోకూడదు. దొరికితే ఇల్లు పోతుంది, ఉద్యోగానికీ ముప్పు. ఆ సంగతి చెప్పే ఆంటీ మమ్మల్ని లోపలికి రానిచ్చింది.

“నువ్వు మా అప్ప కూతురివి అని సెప్తాను. ఈయన నీ మొగుడు, పరీచ్చలకొచ్చాడు. ఎవరడిగినా అదే మాట. మీ బట్టలు ముందు బాల్కనీలో ఎయ్యకు. గట్టిగా మాటాడకండి, గోడలు సన్నం. చెకింగోళ్లు అది నమ్మరు, ఆళ్లొస్తే గదికి తాళం ఏసేస్తాం, లోపలుంటే ఊపిరి బిగపట్టుకునుండాల. మరేటి సేద్దుమమ్మా.”

మేము దేనికైనా ఒప్పుకునే స్థితిలో ఉన్నాం. మొదటిరోజు తలుపేసుకుని, ఇద్దరం కింద పరుపుమీద కూర్చుని, ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయాం. నేను మామూలుగా అతన్ని నువ్వు అనేదాన్ని. ఆంటీ ముందు మాత్రం ఏవండీ అనేదాన్ని, బంధువుల కథకు అది సరిపోయేది. కొన్నాళ్లకు ఆ ఏవండీ గదిలోకి కూడా వచ్చేసింది. గోడ అవతల ఎవరు వింటున్నారో తెలియదు కదా.

మొదటిసారి తాళం పడ్డది చలికాలంలో. బ్లాకులో తనిఖీ జరుగుతోందని పుకారొచ్చింది. ఇద్దరం లోపలున్నాం. బయట తాళం చప్పుడయింది. అతను చదువుతున్న పుస్తకం మూశాడు, పేజీ తిప్పితే వినపడుతుందని. ఆ రోజు ఎవరూ రాలేదు. కాసేపటికి ఆంటీ తాళం తీసి, టీ తాగమని పిలిచింది. వరండాలో అందరం నవ్వుకున్నాం కూడా. తర్వాత మరి కొన్నిసార్లు అలాగే జరిగింది. చివర్లో ఎవరమూ నవ్వలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసులో తరువాతి పుస్తకం నా బల్లమీదికి వచ్చింది. ప్రభుత్వ నివాసాల కేటాయింపుకు సంబంధించిన నియమాలు. ఎవరికి ఏ తరగతి ఇల్లు, ఎప్పుడు ఖాళీ చేయాలి, ఇంట్లో ఎవరుండొచ్చు, ఎవరుండకూడదు. అద్దెకివ్వకూడదనే భాగం తెలుగు చేస్తుంటే నా చేతిరాత నాకే గుర్తుపట్టరాకుండా పోయింది. ఇంగ్లీషులో ఆ వాక్యాల్లో ఎక్కడా మనిషి కనిపించడు. ఇల్లు కేటాయించబడుతుంది, కేటాయింపు రద్దు చేయబడుతుంది. తెలుగులో అలా కుదరదు. ఎవరు రద్దు చేస్తారు, ఎవరు వెళ్లిపోతారు అని ఎక్కడో ఒకచోట చెప్పాల్సి వస్తుంది. రాసిందల్లా మా ఆంటీకి ఎవరో పంపిన తాఖీదులాగా కనిపించేది.

“సార్, నిబంధన అంటే కట్టేయడమే కదా. కట్టేసిందాన్ని మంచి మాట అని ఎలా అంటాం?” అని అడిగాను ఒకరోజు.

ఆయనకు నా పరిస్థితి తెలియదు. మాట మీద ఆసక్తితో అడిగాననుకుని సంతోషించారు. “వీణ అడుగున తంతులన్నీ తెచ్చి కట్టే చోటొకటుంటుంది. పాత నిఘంటువులో దానికి గూడా నిబంధనమనే పేరు. ఆడ కట్టకపోతే తంతి పలకదు. అట్ల చూడమ్మా ఆ మాటను.”

నేను చూడటానికి ప్రయత్నించాను. సాయంత్రం బస్సులో నిలబడి కూడా ప్రయత్నించాను.

మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి గది పనికిరాదు కనుక, చీకటి పడేలోపు కాలనీ పార్కులో కాసేపు తిరిగేవాళ్లం. వీణ సంగతి అతనికి చెప్పాను. అతను తన చిన్నప్పటి మాట చెప్పాడు.

“మా చర్చిలో నిబంధనంటే రూలు కాదు, ఒప్పందం. దేవుడు మనుషులతో చేసుకున్న ఒప్పందం. దానికి దేవుడు కూడా కట్టుబడాలి. ఇంద్రధనుస్సు మనకోసం కాదంట. ఇచ్చిన మాట తనకే గుర్తుండాలని ఆయన పెట్టుకున్నాడని మా నాయనమ్మ చెప్పేది.”

“ఇద్దరూ కట్టుబడాలన్నమాట.”

“ఇద్దరూ ఉంటేనే అది నిబంధన. ఒక్కరినే కడితే దాన్నేమంటారో మీ సారునే అడుగు.”

అతను ఆ మాట వేళాకోళంగా అనలేదు. అప్పటికి అతనికి పరీక్ష రాసే అవకాశం ఒక్కటే మిగిలింది. ఎన్నిసార్లు రాయొచ్చో దానికీ లెక్క ఉంది. ఆ గదిలో కూర్చుని, దగ్గు వస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గుతూ చదువుతున్నాడు. నాకు నెల తప్పిందని అప్పటికింకా అతనికి చెప్పలేదు. ఆ పార్కులోనే చెప్పాను. అతను నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత మెల్లగా, “పిల్లలు ఏడుస్తారు కదా” అన్నాడు. మా ఇద్దరికీ ముందు వచ్చిన ఆలోచన అదే.

ఎండలు ముదిరాక ఒకరోజు ఒంట్లో బాగాలేక ఆఫీసుకు సెలవు పెట్టాను. అతను పొద్దున్నే లైబ్రరీకి వెళ్లిపోయాడు. పాలకు వెళ్లొచ్చిన అంకుల్, పక్క బ్లాకులో చెకింగ్ నడుస్తోందని కంగారుగా వచ్చారు. నన్ను లోపలుండమని చెప్పి తాళం వేశారు. ఆ కంగారులో తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని ఆఫీసుకు వెళ్లిపోయారు. ఆ సంగతి ఆయన వెళ్లాక గాని ఆంటీకి తెలియలేదు.

ఆ గదికి ఒక కిటికీ ఉంది. అది వెనక సందులోకి తెరుచుకుంటుంది. రెక్కలు మూసి, అద్దాలకు లోపలినుంచి కాగితాలు అంటించాం. తెరిస్తే ఎదురు బ్లాకు వాళ్లకు కనిపిస్తాను. కరెంటు పోయింది. చెంబులో నీళ్లు కాసేపటికే అయిపోయాయి.

వాళ్లు నిజంగానే వచ్చారు, ఇద్దరు. ముందు గదిలో కుర్చీలు లాగిన చప్పుడు, ఎంతమంది ఉంటారని అడిగిన గొంతు. “హమ్ చార్ హై” అని, నలుగురమేనని ఆంటీ జవాబు. ఆంటీ గొంతు మామూలుగానే ఉంది. తర్వాత అడుగుల చప్పుడు నా తలుపు దాకా వచ్చింది. ఒకడు తాళాన్ని చేత్తో ఎత్తి వదిలాడు. ఆ ఇనుము తలుపుకు కొట్టుకున్న దెబ్బ నా వీపులో తగిలినట్టయింది. ఈ గదిలో ఏముందని అడిగాడు.

“స్టోర్ హై, భాయీసాబ్. పురానా సామాన్. చాబీ సాహబ్ లే గయే” అంది ఆంటీ. పాత సామాను, తాళంచెవి ఆయన పట్టుకుపోయారని. తాళంచెవి మాట నిజమే.

నాకు అప్పుడే వాంతి వచ్చేలా ఉంది. చీర కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాను. పాత సామానునే అయిపోయాను. వాళ్లు వెళ్తారనుకుంటే ముందు గదిలో కూర్చుని టీ అడిగారు. వాళ్లలో ఒకాయన తన కూతురికి చదువు అబ్బడం లేదని చెప్పుకుంటున్నాడు. దుర్మార్గుడి గొంతు కాదు. అలాంటి గొంతుకు నేను ఎందుకింత భయపడాలి అనిపించింది, అయినా భయం తగ్గలేదు. కడుపులో బిడ్డ కదిలింది. అదే మొదటిసారా, అంతకుముందు కూడా కదిలిందా అని చూసుకునే ఓపిక లేదు.

వాళ్లు వెళ్లిపోయాక ఆంటీ పరుగెత్తుకొచ్చి తలుపు పక్కన కూలబడింది. అప్పుడు తెలిసింది నాకు, అంకుల్ వచ్చేదాకా తలుపు తెరుచుకోదని. పక్కింట్లో ఫోను ఉంది. కానీ ఏ పనిమీదని అడుగుతారు. తాళం పగలగొడితే చప్పుడుకు చుట్టుపక్కల వాళ్లందరూ వస్తారు.

“ఏటైనా తింటావా?” అంది తలుపు అవతలినుంచి. “ఉండు, రొట్టి తోస్తాను.”

తలుపు కింద సందులోంచి ఒక చపాతీ వచ్చింది. తర్వాత తడిపిన తువ్వాలు ఒకటి. నేను ఆ తువ్వాలు పిండుకుని రెండు చుక్కలు తాగి, మిగతాది మెడమీద వేసుకున్నాను. అది ఆరగానే వెనక్కి తోసేదాన్ని, ఆంటీ తడిపి మళ్లీ పంపేది. పిల్లలు బడినుంచి వచ్చేదాకా ఆమె అక్కడినుంచి లేవలేదు.

“నాకూ గుండె దడగానే ఉంటాదమ్మా రోజూ” అంది ఒకసారి. “ఎవరు బెల్లు కొట్టినా సచ్చి బతుకుతాను. మిమ్మల్ని పొమ్మనలేను, ఉండమనలేను.”

నేను ఆరిన తువ్వాలు మళ్లీ బయటికి తోశాను. సాయంత్రం అంకుల్ వచ్చి తలుపు తీశారు. తలుపు తీస్తూ నా మొహం చూడలేకపోయారు. ఆ వెనకే అతను లైబ్రరీనుంచి వచ్చాడు. సంగతి విని తాళం చేతిలోకి తీసుకుని కూర్చున్నాడు.

ఆఫీసుకు వెళ్లిన రోజున నివాసాల పుస్తకానికి అట్టమీది పేరు రాసి ఇమ్మన్నారు మా అధికారి. ‘ప్రభుత్వ నివాసాల కట్టడులు’ అని రాసిచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు.

“కట్టడి మంచి తెలుగు మాటే. ఇల్లు కట్టడం, తాళి కట్టడం, కట్టుకున్నవాడు, అన్నీ ఆ ఇంటివే. కానీ ఇది నువ్వు కోపంతో రాసినావు. ఏం జరిగిందమ్మా?”

చెప్పకూడదనుకున్నాను. కానీ అంత మెల్లగా ఎవరైనా అడిగి చాలాకాలమైంది. మొత్తం చెప్పేశాను. ఆంటీ వాళ్ల బ్లాకు మాత్రం చెప్పలేదు. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చివర్లో కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

“ఇది నాతో చెప్పకుండా ఉండల్సింది. నేను గూడా సర్కారు ఉద్యోగినే కదా. తెలిసినాక పైకి చెప్పల్ల. చెప్పను. చెప్పనందుకు నేనూ తప్పు చేసినోణ్ణే. ఇంత సర్వీసులో నాకెప్పుడూ ఇట్లాంటిది రాలేదు.” కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “ఈ నెల దాటకుండా ఆ గది ఖాళీ చేయమ్మా. యాడికి పోతావో నాకు తెలీదు. మా ఇంటికి రమ్మనే దానికీ లేదు, కొడుకూ కోడలూ పిల్లలూ అంతా ఆ రెండు గదుల్లోనే. కానీ ఆడ మాత్రం ఉండొద్దు. బిడ్డతో అసలే వద్దు.”

నాకు ఆయనమీద కోపమొచ్చింది. ఇంకో తలుపు మూసుకుందనే అనిపించింది. ఆ సాయంత్రం పార్కులో ఇదంతా అతనికి చెబుతుంటే, అతను మధ్యలోనే ఆపి, ఘాజియాబాద్‌లో ఒక బడిలో సోషల్ టీచరు ఉద్యోగముందన్నాడు. దాని సంగతి వారం కిందటే తెలిసిందట. అందులో చేరితే చదవడం కుదరదని నాకు చెప్పలేదు.

“మరి పరీక్ష?”

“ఈసారి ఎట్లాగూ నేను చదివిందేమీ లేదు. తాళం చప్పుడు కోసం వింటూ కూర్చున్నా అంతే” అన్నాడు.

నేను వద్దనలేదు. వద్దని ఉంటే బాగుండునా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ వేళ మాత్రం ఇద్దరికీ వేరే దారి కనపడలేదు. ఘాజియాబాద్‌లో ఒక పంజాబీ ముసలాయన మేడమీద గది ఇచ్చాడు. నా భర్త పేరు విని, “ఠీక్ హై, గీజరు లేదు మరి” అన్నాడు, అంతే. నేను పొద్దున్నే లోకల్ రైలెక్కి, ఆడవాళ్ల పెట్టెలో నిలబడి, అక్కడినుంచి బస్సు మారి ఆఫీసుకు చేరేదాన్ని. తొమ్మిదో నెల దాకా అలాగే తిరిగాను. పాప పుట్టింది. బాగా ఏడ్చేది. ఏడ్చిన ప్రతిసారీ మా ఇద్దరికీ తెలియకుండానే చెయ్యి దాని నోటిమీదికి వెళ్లేది. ఆ అలవాటు పోవడానికి చాలాకాలం పట్టింది.

పుస్తకం నిబంధనలు అనే పేరుతోనే అచ్చయింది. ఆ మాట నేనే ఒప్పుకున్నాను. పార్కులో విన్న సంగతి, ఇద్దరూ కట్టుబడితేనే అది నిబంధన అన్నది, మా అధికారికి చెప్పాను. ఆయనకు తెలియని అర్థం కాదు, కానీ ఆ వైపునుంచి ఆలోచించలేదన్నారు. “అయితే ఈ పుస్తకానికి ఆ పేరు పెట్టే అర్హత ఉందా అమ్మా?” అని అడిగి, నేను జవాబు చెప్పకముందే ప్రెస్సుకు పంపే కాగితం మీద సంతకం పెట్టారు. ఆ ఏడాదే రిటైరై కడప వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎన్నో పుస్తకాలమీద నేను ఆ మాట రాశాను. అలవాటైపోయింది. రాసేటప్పుడు చేతికి ఏమీ తెలిసేది కాదు.

చలికాలంలో ఒక ఆదివారం ఆంటీ మా ఘాజియాబాద్ గదికి వచ్చింది. పాపకు తను అల్లిన ఊలు చొక్కా తెచ్చింది. విశాఖపట్నం బదిలీకి పెట్టుకున్నారనీ, అంకుల్‌కు బీపీ వచ్చిందనీ చెప్పింది. పొద్దుగూకేదాకా పాపను ఒళ్లోంచి దించలేదు. బస్సుదాకా దిగబెట్టడానికి నేను వెళ్లాను. బస్సు ఆలస్యమైంది. ఆమె నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

“నన్ను తిట్టుకున్నావా, ఆ రోజు లోపల కూకుని?”

“లేదు ఆంటీ.”

“తిట్టుకునుంటావులే. నానైతే తిట్టుకుందును” అంది.

బస్సు వచ్చింది. రద్దీలో ఆమెను ఎవరో ముందుకు తోశారు, చెయ్యి వదిలేసి ఎక్కింది.